బొడోని, డిడో: సన్నగీతకు కొలత

అచ్చు అక్షరాల గురించి రాసేవాళ్లు బొడోని, డిడో అనే రెండు పేర్లనూ ఎప్పుడూ జంటగానే చెబుతారు. 1954లో ఫ్రాన్సులో మాక్సిమిలియన్ వోక్స్ అచ్చక్షరాలను తెగలుగా విభజించినప్పుడు ఈ రెండు పేర్లనూ అతికించి ఒక తెగకు డిడోన్ అని పేరు పెట్టాడు. అప్పటినుంచి డిజైన్ పాఠాలన్నీ ఇద్దరికీ కలిపి ఒకే వర్ణన ఇస్తున్నాయి: నిలువు గీతలు లావు, అడ్డగీతలు వెంట్రుకంత సన్నం, గీతల కొసల్లో ఉండే సెరిఫ్‌లు స్కేలు పెట్టి గీసినంత తిన్నన. ఫ్యాషన్ పత్రికల ముఖచిత్రాల మీద, అత్తరు సీసాల మీద, నగల దుకాణాల ప్రకటనల్లో కనిపించేది ఈ తెగే. చూసేవాళ్లకు అది ఖరీదైనదిగా, నాజూకుగా తోస్తుంది. అందులో ఏది బొడోని పనిచేసిన పార్మా నగరపు అక్షరమో ఏది డిడోల పారిస్ అక్షరమో పట్టించుకునే అవసరం ఎవరికీ కలగదు.

ఆ అవసరం ఉందని నేను అనుకుంటున్నాను. బొడోని దగ్గర నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది, లావు సన్నాల తేడాను ఒక్కో సైజుకు ఒక్కోలా దిద్ది చెక్కిన ఓపిక. డిడోల దగ్గర గొప్పగా కనిపించేది, ఆ తేడాను ఇక సాగదన్న చోటుదాకా లాగి, అచ్చుపనికంతటికీ ఒక కొలమానం ఇచ్చిన తెగువ. ఇరవయ్యో శతాబ్దం ఈ రెండు ఆస్తులనూ తారుమారు చేసి పంచింది. బొడోని పేరుతో అమ్ముడైన అక్షరాల్లో చాలావాటికి బొడోని పద్ధతి దక్కలేదు. ఆ పద్ధతి మళ్లీ ప్రాణం పోసుకున్నది డిడో పేరున్న ఫాంటులో.

ఇద్దరికీ ముందు దారి వేసినవాడు ఒకడున్నాడు. బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ 1757లో వర్జిల్ కావ్యాలు అచ్చువేసినప్పుడు నున్నటి వోవ్ కాగితం వాడాడు, ఇంకు నలుపును చిక్కబరిచాడు, అచ్చయిన కాగితాలను వేడి పలకల మధ్య నొక్కాడు. గరుకు కాగితం మీద సన్నగీత నిలవదు, ఇంకు పక్కలకు పాకి గీత లావెక్కుతుంది. కాగితం నున్నబడితేనే అక్షరం చెక్కేవాడికి సన్నగీత మీద ఆశ పుడుతుంది. ఈ తెగ అందమంతా అలా కాగితం దగ్గర మొదలైంది. దీన్ని సౌందర్య చర్చల్లో తరచు మరిచిపోతాం.

జాంబాటిస్టా బొడోని 1740లో ఇటలీ ఉత్తరాన సలుజ్జోలో ఒక అచ్చుపనివాడి ఇంట పుట్టాడు. 1758లో రోముకు వెళ్లి ప్రొపగాండా ఫిదే ముద్రణాలయంలో చేరాడు. క్రైస్తవ మత ప్రచారానికి ఎన్నో భాషల్లో పుస్తకాలు వేసే ప్రెస్సు అది. అక్కడ తూర్పుదేశాల లిపుల పంచ్‌లను, అంటే అక్షరం చెక్కిన ఉక్కు కడ్డీలను, శుభ్రం చేసి, వరుస పెట్టి, సరిదిద్దే పని అతని చేతికొచ్చింది. ఇరవయ్యేళ్ల కుర్రాడు రోమన్ లిపి బయట ఎన్ని రకాల వంపులున్నాయో చేత్తో తడిమి నేర్చుకున్నాడు. తరవాత బాస్కర్‌విల్ దగ్గరికి ఇంగ్లండు వెళదామని బయలుదేరి, దారిలో జ్వరం పట్టుకుని సొంతూళ్లో ఆగిపోయాడు. 1768లో పార్మా డ్యూకు తన రాజముద్రణాలయం నడపమని పిలిచాడు. ఇక 1813లో చనిపోయేదాకా అతను పార్మాలోనే ఉన్నాడు.

మొదట్లో బొడోనికి సొంత అక్షరం లేదు. పారిస్ నుంచి అక్కడి టైపు తయారీదారు ఫూర్నియే టైపు తెప్పించుకుని పని మొదలుపెట్టాడు. 1771లో వేసిన నమూనా పుస్తకంలో ఫూర్నియే పూలు, అంచులు, అక్షరాలు దాదాపు అలాగే దించాడు. తరవాతి ఇరవయ్యేళ్లలో ఆ పూలు ఒక్కొక్కటే రాలిపోయాయి. అంచుల అలంకారాలు పోయాయి, బొమ్మలు తగ్గాయి, మార్జిన్లు పెరిగాయి. చివరికి పేజీ మీద మిగిలింది నాలుగు వరుసల నల్లటి అక్షరాలు, చుట్టూ మైదానమంత తెలుపు. చెప్పాల్సినదంతా అక్షరం ఆకారమే చెప్పాలి, పక్కన మరో ఆసరా ఉండకూడదు. బొడోని విమర్శకులు దీన్ని చల్లదనం అన్నారు. నాకు అది ధైర్యంగా కనిపిస్తుంది. అలంకారం చాటు లేనప్పుడు చెక్కిన చెయ్యి ఎక్కడ వణికినా బయటపడిపోతుంది.

పారిస్‌లో సంగతి వేరు. అక్కడున్నది ఒక ఇంటిపేరు. తండ్రి ఫ్రాంస్వా ఆంబ్రోయిజ్ డిడో అచ్చు అక్షరాల కొలతను ఫ్రెంచి రాజు అడుగుకు ముడిపెట్టి, అంగుళానికి 72 పాయింట్ల పద్ధతిని నిలబెట్టాడు. ఆ పాయింటు 0.376 మిల్లీమీటర్లు. యూరపులో సీసపు టైపు ఉన్నంతకాలం చాలా దేశాలు దాన్నే వాడాయి. అతని పెద్దకొడుకు పియేర్ పుస్తకాలు వేశాడు, రెండో కొడుకు ఫిర్మాన్ అక్షరాలు చెక్కాడు. 1784 ప్రాంతంలో ఫిర్మాన్ చెక్కిన టైపులోనే ఇప్పుడు మనం డిడో అంటున్న రూపం తేలింది. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు. విప్లవం తరవాత పియేర్‌కు లూవ్ర్ రాజభవనంలో ప్రెస్సు పెట్టుకునే చోటు దొరికింది. అక్కడినుంచి 1798లో వర్జిల్, 1799లో హోరెస్, 1801 నుంచి మూడు సంపుటాల్లో రాసీన్ నాటకాలు వచ్చాయి. బొమ్మలు వేసినవాళ్లలో చిత్రకారుడు డావిడ్ శిష్యులున్నారు, ఫ్రాన్సులో అప్పుడు పేరు మోసినవాళ్లు.

అదే ఇంట్లో ఫిర్మాన్ మరో పని చేశాడు. కూర్చిన పేజీని మొత్తం ఒకే లోహపు పలకగా పోత పోసే స్టీరియోటైపు పద్ధతిని పక్కాగా నిలిపి, 1795లో కలే రాసిన లాగరిథమ్ పట్టికలను ఆ తీరున అచ్చువేశాడు. అంకెల పట్టికలో ఒక్క తప్పు పడితే ఓడ దారి తప్పుతుంది. పలకగా పోసేస్తే అంకె కదలదు, దొరికిన తప్పును పలకలోనే దిద్దవచ్చు. ఆ తరవాత చవక పాఠ్యపుస్తకాలూ అలాగే వచ్చాయి. లూవ్ర్‌లో ధనికుల రాసీన్, పక్కనే బడిపిల్లల రాసీన్, రెండింటికీ ఒకే కుటుంబం. బొడోనికి ఈ రెండో ముఖం లేదు. అతని పుస్తకాలు రాజులకు, పండితులకు, పుస్తక ప్రియులకు వెళ్లాయి. ఆయన ముద్రణల్లో పాఠదోషాలు ఎక్కువన్న మాటా ఆ రోజుల్లోనే వినిపించింది. చదివేవాడికంటే చూసేవాడి మీద ఆయనకు ఎక్కువ శ్రద్ధ ఉందనడం అన్యాయం కాదు.

ఈ రెండు ఊళ్ల మధ్య పోటీ దాపరికం లేనిది. 1805లో పారిస్‌లోని సామ్రాజ్య ముద్రణాలయం క్రైస్తవుల ప్రభుప్రార్థనను 150 భాషల్లో అచ్చువేసింది. మరుసటి ఏడాదే పార్మా నుంచి బొడోని అదే ప్రార్థనను 155 భాషల్లో వేశాడు. ఆ పైన ఉన్న అయిదు భాషల్లో పోటీ మొత్తం కనిపిస్తుంది.

ఇక అక్షరాల దగ్గరికి వద్దాం. ఇంగ్లీషు పెద్ద ఎచ్‌ను తీసుకుని, రెండు టైపుల్లోనూ అరచేయంత చేసి పక్కపక్కన పెట్టి చూడాలి. రెండిటిలోనూ రెండు లావు స్తంభాలు, మధ్యలో ఒక సన్నగీత, కింద పైన సెరిఫ్‌లు. డిడోలో సెరిఫ్ స్తంభాన్ని తాకే చోట మూల కత్తితో కోసినట్టు ఉంటుంది. అడ్డగీత సన్నం, సెరిఫ్ సన్నం, రెండూ ఒకే సన్నం. అక్షరంలో రెండే మందాలు, మధ్యరకం లేదు. బొడోని సొంతంగా చెక్కిన చాలా సైజుల్లో సెరిఫ్ స్తంభంలోకి ఎక్కే చోట అతి చిన్న వంపు కనిపిస్తుంది. సెరిఫ్ అడుగు కూడా పూర్తిగా చదునుగా కాకుండా, మధ్యలో రవ్వంత లోపలికి లొంగినట్టు ఉంటుంది. దూరం నుంచి ఈ తేడా కంటికి ఆనదు. కానీ ఒక పుట నిండా అక్షరాలు పరిచినప్పుడు ఆ చిన్న వంపుల వల్లే బొడోని పేజీలో కాస్త వెచ్చదనం మిగులుతుంది. డిడో పేజీ చలికాలపు ఉదయంలా నిర్మలంగా, కొంచెం దూరంగా ఉంటుంది.

గుండ్రటి ఓ అక్షరంలో కూడా ఇదే తీరు. పాత అక్షరాల్లో ఓ లావు కాస్త వాలి ఉండేది, ఎందుకంటే అది వాలుగా పట్టిన కలం పెట్టిన గీత. ఈ తెగలో వాలు పోయింది. ఎడమా కుడీ లావు, సరిగ్గా నడినెత్తిన, నడి అడుగున సన్నం. ఇది కలం పోకడ కాదు, చెక్కుడు ఉలి పోకడ. రాగిపలక మీద శీర్షికలు చెక్కే పనివాళ్ల గీత ఇలాగే ఉంటుంది, ఉలి నొక్కుతో ఉబ్బి, వదిలితే సన్నబడుతుంది. బొడోని ఓ కొంచెం ఇరుకు, లోపలి తెలుపు నిలువుగా నిలబడుతుంది. డిడో ఓ విశాలంగా ఊపిరి తీసుకుంటుంది. ఒంటరిగా నిలిచే ఒకే పదానికి డిడో ఎందుకు అంత నప్పుతుందో, ఈ ఓ చూస్తే చాలావరకు తెలుస్తుంది.

ఈ పోలికలన్నీ ఒక ఎత్తు, సైజు ఒక ఎత్తు. ఉక్కు పంచ్ మీద అక్షరం చెక్కే రోజుల్లో ఒక సైజును పెంచి ఇంకో సైజు చేసుకునే వీలు లేదు. ఆరు పాయింట్ల అక్షరం కావాలంటే ఆరు పాయింట్లకు విడిగా ఒక ఉక్కు కడ్డీ మీద చెక్కాలి. చెక్కి, దీపం మసి పట్టించి, కాగితం మీద ఒత్తి చూసుకోవాలి. మసిలో సన్నగీత మాయమైతే మళ్లీ దిద్దాలి. చిన్న సైజులో సన్నగీతను నిజానికంటే కొంచెం లావుగా, అక్షరాన్ని కొంచెం వెడల్పుగా, ఎడాన్ని కొంచెం ఎక్కువగా పెట్టకపోతే పేజీ చదవడానికి రాదు. పెద్ద సైజులో అదే లావు మొరటుగా కనిపిస్తుంది, అక్కడ సన్నగీతను నిజంగానే సన్నబరచాలి. కంటికి రెండూ ఒకే అక్షరంలా కనిపించాలంటే లోహంలో రెండూ వేరువేరుగా ఉండాలి.

ఈ పనిని బొడోని చేసినంత పిచ్చిగా ఎవరూ చేయలేదు. ఆయన భార్య మార్గరీటా డల్లాల్యో 1818లో, ఆయన పోయిన అయిదేళ్లకు, ఆయన నమూనా గ్రంథం మాన్యువాలె టిపోగ్రాఫికోను రెండు సంపుటాల్లో వేయించింది. అందులో 142 రోమన్ అక్షరమాలలు, వాటికి జత ఇటాలిక్‌లు ఉన్నాయి. అన్నిటికంటే చిన్నది పార్మిజనీనా, అన్నిటికంటే పెద్దది పపాలె. మధ్యలో ఒకే సైజులోనే కాస్త వెడల్పు, కాస్త ఇరుకు, కాస్త తేలిక, కాస్త బరువు అంటూ రెండు మూడు రూపాలు. సైజుకూ సైజుకూ మధ్య తేడా ఎంత చిన్నదంటే, పేజీలు తిప్పుతుంటే అక్షరం పెరుగుతున్నదో మన కన్నే దగ్గరికి జరుగుతున్నదో తెలియదు. 1788 నాటి తొలి మాన్యువాలెలో ఆయన ఒక్కో అక్షరానికి ఒక్కో పట్టణం వర్ణన పెట్టాడు. ఒక్కో సైజుకు ఒక్కో ఊరు. సైజు అంటే ఆయనకు వేరే ప్రదేశమే.

1818 నాటి గ్రంథపు ముందుమాటలో అక్షరానికి ఉండాల్సిన గుణాలను ఆయన నాలుగుగా చెప్పుకున్నాడు: క్రమం, శుభ్రత, మంచి అభిరుచి, సొగసు. మొదటి మూడూ శ్రమతో వస్తాయి. నాలుగోది మాత్రం శ్రమ కనబడకుండా పోయినప్పుడే వస్తుంది. బొడోని దగ్గర శ్రమ దాక్కున్నది ఆ 142 అక్షరమాలల మెట్లలో.

డిడోలకూ వేరువేరు సైజులు ఉన్నాయి, ఉక్కు పంచ్ ఉన్న కాలంలో అది తప్పదు. అయినా వాళ్ల ఆసక్తి అక్షరాలకు సంఖ్య పెంచడం మీద లేదు. వాళ్లు కోరుకున్నది ఒక ప్రమాణం. ఇన్ని పాయింట్లు, ఇంత సన్నం, ఇంత లావు, దేశమంతా ఇదే. పారిస్ అక్షరంలో ఆజ్ఞ వినిపిస్తుంది. పార్మా అక్షరంలో, ఎంత చల్లగా ఉన్నా, ఒక మనిషి కన్ను కనిపిస్తుంది.

తరవాతి వందేళ్లలో ఈ తెగ మీద జనానికి మొహం మొత్తింది. పత్రికల వాళ్లు, ప్రకటనల వాళ్లు దీన్ని నాసిరకం కాగితం మీద, అరిగిన టైపుతో వాడి చదవలేకుండా చేశారు. లావును మాత్రమే పట్టుకుని ఉబ్బరించి, గోడపత్రికల కోసం ఏనుగంత అక్షరాలు తయారుచేశారు. విలియం మోరిస్‌కు బొడోని అంటే ఒళ్లుమంట. 1891లో కెల్మ్‌స్కాట్ ప్రెస్సు పెట్టినప్పుడు ఆయన పదిహేనో శతాబ్దపు వెనిస్‌కు, జెన్సన్ టైపుకు వెనక్కి వెళ్లాడు. లావు సన్నాలు మరీ దూరమైతే పేజీ కంటిలో మిరుమిట్లు గొలుపుతుందన్న ఆయన వాదనలో నిజముంది. ఇంగ్లీషులో మినిమమ్ అన్న మాటను డిడోలో పది పాయింట్లలో కూర్చి చూడండి. సన్నగీతలు కరిగిపోయి పదిహేను నిలువు కడ్డీలు వరుసగా నిలబడతాయి. ఏది ఎమ్మో ఏది యూవో కడ్డీలు లెక్కపెట్టుకుని తేల్చుకోవాలి. కానీ మోరిస్ అక్షరం మీద పెట్టిన నేరాన్ని నేను సైజు మీద, కాగితం మీద పెడతాను. అదే మాటను రెండంగుళాల ఎత్తున ఆర్ట్ పేపరు మీద వేస్తే ఏ అక్షరమూ తడబడదు.

1910 ప్రాంతంలో అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ బొడోనిని తిరిగి తెచ్చాడు. గట్టి, చురుకైన అక్షరం, ప్రకటనలకు పనికొచ్చేది. వాణిజ్యం దాన్ని ఆనందంగా అందుకుంది. 1926లో జర్మనీలో హైన్రిక్ యోస్ట్ బావర్ బొడోనిని రూపొందించాడు, అది మూలానికి దగ్గర, నాజూకు. ఇవన్నీ మంచి అక్షరాలే. సీసం పోయి ఫోటోటైపు, ఆపైన కంప్యూటరు వచ్చాక అసలు నష్టం జరిగింది. అప్పుడు ఒకే గీతను గీసి అన్ని సైజులకూ సాగదీయడం అలవాటైంది. ఒక్క బొమ్మ, ఆరు పాయింట్లకూ అదే, డెబ్బై రెండుకూ అదే. మెట్లన్నీ పోయి ఒకే అంతస్తు మిగిలింది. సీసపు అక్షరం కాగితంలోకి దిగబడి ఇంకును కాస్త పక్కలకు నెట్టేది, ఆఫ్‌సెట్‌లో ఆ ఒత్తుడు లేదు. దాంతో సన్నగీతలు ఇంకా సన్నబడ్డాయి. బొడోని పేరు అందరి నోటా ఉండగా ఆయన చేసిన పని మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

1991లో జోనథన్ హోఫ్లర్ హార్పర్స్ బజార్ పత్రిక కోసం గీసిన డిడో ఇక్కడే ముఖ్యమైంది. సన్నగీత ఏ సైజులోనైనా సన్నగానే కనిపించాలన్నది అక్కడి కోరిక. హోఫ్లర్ ఒక అక్షరాన్ని గీయలేదు, ఏడు గీశాడు: 6, 11, 16, 24, 42, 64, 96. ఆ అంకె పేరులోనే ఉంటుంది, ఆ సైజుకు తక్కువ వాడొద్దని హెచ్చరిక. 96 సైజు అక్షరంలో సన్నగీత వెంట్రుకలా ఉంటుంది, 6 సైజు అక్షరంలో అది దారంలా లావెక్కుతుంది. పేజీ మీద రెండూ పక్కపక్కన పడితే సన్నగీతలు ఒకే మందంలో కనిపిస్తాయి. ఇది అచ్చంగా పార్మా పద్ధతి, పేరు పారిస్‌ది. అదే ఏడాది ఆడ్రియన్ ఫ్రుటిగర్ లైనోటైప్ కోసం మరో డిడో గీశాడు, 1819లో డిడో అక్షరాల్లో వచ్చిన వోల్టేర్ కావ్యం లా హాన్‌రియాద్ దానికి ఆధారం. ఆయనది చదవడానికి వీలైన, మర్యాదైన డిడో. హోఫ్లర్‌ది వేదిక ఎక్కే డిడో.

బొడోని పక్షం వాళ్లూ ఊరుకోలేదు. ఫాంటులు తయారుచేసే ఐటీసీ సంస్థ పంపిన బృందం పార్మాకు వెళ్లి, అక్కడి మ్యూజియంలో బొడోని పంచ్‌లను, మాన్యువాలెను దగ్గరగా చూసి, 1994లో మూడు అక్షరాలు తెచ్చింది: ఆరు, పన్నెండు, డెబ్బై రెండు. ఆరు పాయింట్లది చూస్తే బొడోని అని గుర్తుపట్టడమే కష్టం. సెరిఫ్‌లు మెత్తగా, లావుగా, మూలలు గుండ్రంగా ఉంటాయి. అయినా అదే నిజమైన బొడోని, ఆరు పాయింట్లలో ఆయన చెక్కింది అలాగే ఉంది. 1996లో జుజానా లిచ్కో గీసిన ఫిలొసోఫియా కూడా ఈ మెత్తదనాన్నే పట్టుకుంది, చదువుకు ఒకటి, శీర్షికకు ఒకటిగా.

ఒక విచిత్రం చెప్పాలి. ఆపిల్ కంప్యూటర్లలో ముందే వచ్చే బొడోని పేరు బొడోని 72. అంటే ఐటీసీ గీసిన డెబ్బై రెండు పాయింట్ల అక్షరం మాత్రమే. మిగిలిన రెండూ పెట్టెలో రావు. పేరులోనే అంకె ఉన్నా, దాంతో పది పాయింట్లలో ఉత్తరాలు, పరిచయ పత్రాలు, మెనూ కార్డులు తయారవుతూనే ఉన్నాయి. ఫోనులో చూస్తే సన్నగీతలు బూడిద రంగులోకి మారి అక్షరాలు ముక్కలుగా విడిపోతాయి. అందరూ బొడోనిని నిందిస్తారు. ఇప్పుడు ఉచితంగా దొరికే బొడోని మోడాలో ఓవెన్ ఎర్ల్ ఈ లోటు తీర్చాడు. 6 నుంచి 96 దాకా సైజును బట్టి సన్నగీత మందం దానంతటదే మారేలా ఒకే ఫైలులో అమర్చాడు. దాన్ని తెరమీద పెంచుతూ తగ్గిస్తూ చూడడం నాకు నిజంగా సంతోషం. మాన్యువాలె పేజీలు తిప్పినట్టే ఉంటుంది.

ఈ రెండు అక్షరాలు పత్రికల్లో ఎలా బతికాయో కూడా పక్కపక్కన చూడాలి. హార్పర్స్ బజార్‌లో 1934 నుంచి 1958 దాకా అలెక్సీ బ్రొడోవిచ్ ఈ తెగ అక్షరాన్ని విశాలమైన తెలుపు మధ్య ఒంటరిగా నిలబెట్టి, ఫోటోతో ఆడించాడు. 1992లో ఫాబియన్ బారన్ ఆ పత్రికకు కళా దర్శకుడిగా వచ్చి హోఫ్లర్ డిడోను చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఏడాది సెప్టెంబరు ముఖచిత్రం మీద మోడల్ లిండా ఎవాంజెలిస్టా చెయ్యి ఎత్తి నిలబడింది. పత్రిక పేరులోని ఒక ఏ అక్షరం వరుస తప్పి ఆ చేతి దగ్గరికి ఒరిగింది. లోపలి పేజీల్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, చిన్నవాటి పక్కన చాలా పెద్దవి నిలబడతాయి. డిడోకు ఇంత స్వేచ్ఛ దొరకడానికి కారణం దాని కచ్చితత్వమే. ప్రతి సన్నగీత ఒకే మందంలో ఉంటుందన్న భరోసా ఉంటేనే అక్షరాలను ఇలా విసిరేయగలం.

బొడోని సంగతి ఆయన పనిచేసిన ఊరివాడి చేతుల్లోనే తేలింది. పార్మాకు చెందిన ఫ్రాంకో మారియా రిచ్చి 1960లలో మాన్యువాలె టిపోగ్రాఫికోను తిరిగి అచ్చువేయడంతో ప్రచురణ మొదలుపెట్టాడు. 1982లో ఆయన తెచ్చిన ఎఫ్ఎంఆర్ పత్రిక నల్లటి అట్టతో, లోపల బొడోని అక్షరాలతో, కళాఖండాల ఫోటోలతో వచ్చింది. అక్కడ అక్షరం ఆడదు, కదలదు. బొమ్మ పక్కన వినయంగా, సమానమైన దూరంలో నిలబడుతుంది. బారన్ డిడోలో ఉన్న చలాకీతనం రిచ్చి బొడోనిలో లేదు. కానీ ఏళ్ల తరబడి చూసినా విసుగు పుట్టించని శాంతం అక్కడ ఉంది. వోగ్ పత్రిక పేరు 1950ల మధ్య నుంచి ఈ తెగ అక్షరంలోనే ఉంది. అది ఇప్పుడు అక్షరంగా కంటే ముద్రగానే బతుకుతోంది కాబట్టి దాని గురించి నాకు ఎక్కువ చెప్పాలని లేదు.

ఈ అక్షరాల ప్రభావం రోమన్ లిపి బయటకూ వెళ్లింది. డిడో కుటుంబం గ్రీకు అక్షరాలు చెక్కింది. ఫిర్మాన్ కొడుకు ఆంబ్రోయిజ్ గ్రీకు స్వాతంత్ర్యానికి గాఢమైన అభిమాని. ఆ గ్రీకు డిడో గ్రీసులో తరతరాలకు మామూలు చదువు అక్షరంగా స్థిరపడింది. పారిస్‌లో విలాసంగా మొదలైనది ఏథెన్స్‌లో బడిపుస్తకం అయింది. ఎందుకంటే చెక్కినవాళ్లు రోమన్ డిడోను దించి గ్రీకు మీద అతికించలేదు. గ్రీకు వంపులో సన్నం ఎక్కడ పడాలో, లావు ఎక్కడ ఉబ్బాలో విడిగా ఆలోచించారు.

తెలుగులో ఈ రెండు అక్షరాలనూ వాడేది ఎక్కువగా శీర్షికల్లో, పెళ్లిపత్రికల్లో, నగల ప్రకటనల్లో, ఇంగ్లీషు పక్కన తెలుగు ఉన్నచోట. అక్కడ ఒక చిక్కు ప్రతిసారీ ఎదురవుతుంది. బొడోని ఎచ్‌లో ఉన్న లావు నిలువు స్తంభం తెలుగులో లేదు. మన అక్షరానికి వెన్నెముక వంపే. క, గ, న, ఏది చూసినా గుండ్రంగా తిరిగి, తలకట్టుతో ఆగుతుంది. అందుకే బొడోని పక్కన మామూలు తెలుగు ఫాంటు పెడితే ఇంగ్లీషు నిటారుగా, తెలుగు లావుగా, ఒక వరుసలో ఉన్నా ఒక ఇంట్లోవి అనిపించవు. మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే గ్రంథమాల కోసం జాన్ హడ్సన్, ఫియోనా రాస్ గీసిన తెలుగు అక్షరంలో ఈ చిక్కుకు ఒక జవాబు ఉంది. 2015లో పెద్దన మనుచరిత్ర తొలి సంపుటాల్లో ఒకటిగా వచ్చింది ఆ అక్షరంలోనే. ఇప్పుడది టీరో తెలుగు పేరుతో అందరికీ ఉచితంగా దొరుకుతోంది. అందులో లావు సన్నాల తేడా వంపు లోపలే నెమ్మదిగా ఉబ్బి నెమ్మదిగా సన్నబడుతుంది. ఎక్కడా కత్తికోత లేదు.

వత్తుల సంగతి ఇంకా లోతైనది. క్ష, త్వ, స్త్ర లాంటి చోట్ల వత్తు అసలు అక్షరంలో సగం ఎత్తున కిందికి దిగుతుంది. రోమన్‌లో సన్నగీత సమస్య సైజుకూ సైజుకూ మధ్య వస్తుంది. తెలుగులో అది ఒకే అక్షరం లోపలే వస్తుంది, ఎందుకంటే మన దగ్గర ఒకే ముక్కలో పెద్ద సైజూ చిన్న సైజూ కలిసి ఉంటాయి. పెద్ద అక్షరం గీతను కుదించి వత్తు చేస్తే సన్నగీత సగానికి సగం అయి, ఆఫ్‌సెట్‌లో నల్లటి నేల మీద తెల్ల అక్షరం వేసినప్పుడు ఇంకుతో మూసుకుపోతుంది. వత్తును వేరుగా, లావు తగ్గించకుండా, చిన్న సైజు అక్షరంలా గీయాలి. బొడోని 142 అక్షరమాలల్లో చేసిన పనిని తెలుగు డిజైనరు ఒక్క స్త్రలోనే చేయాల్సి ఉంటుంది.

అందుకే తెలుగు శీర్షిక పక్కన ఈ తెగ ఇంగ్లీషు పెట్టాల్సి వస్తే నేను డిడోకు బదులు బొడోనినే తీసుకుంటాను, అదీ సైజును బట్టి గీత మారే రకాన్ని. దాని సెరిఫ్ మూలలో ఉన్న ఆ కాసింత వంపు తెలుగు గుండ్రదనాన్ని తోసేయదు. డిడో పక్కన పెడితే తెలుగు ముతకగా కనిపిస్తుంది, తప్పు తెలుగుది కాకపోయినా. ముఖచిత్రం మీద ఇంగ్లీషు పేరు ఒక్కటే అరచేయంత నిలవాలంటే మాత్రం హోఫ్లర్ డిడో 96కు సాటి లేదు. అప్పుడు తెలుగును దాని పక్కన కాకుండా, చాలినంత తెలుపు వదిలి కింద మరో వరుసలో, టీరో లాంటి అక్షరంలో కూర్చాలి.